ఒక తల్లి మనవి

తుదితీర్పు వెలువడిన పిమ్మట వివాదము ముగియవలెనని లోకము కోరును. అది యుక్తమైన కోరికయే. తీర్పునకు స్థిరత్వము లేనిచో ఎవ్వరి యిల్లును, ఎవ్వరి పొలమును నిలువదు. కాని ఆ తీర్పే వంచనవలన పుట్టినదైనచో, కాలము గడచినంతమాత్రమున అది న్యాయమగునా? పదునైదవ శతాబ్దమున ఫ్రాన్సుదేశమునందు ఒక పల్లెటూరి తల్లి యీ ప్రశ్ననే ధర్మాధికారుల యెదుట నుంచినది.

ఆమె పేరు ఇజబెల్. జోన్ ఆఫ్ ఆర్క్ ఆమె కుమార్తె. ఆంగ్లేయుల ముట్టడినుండి ఓర్లియాన్సును విడిపించి, 1429లో ఏడవ చార్లెసు పట్టాభిషేకమునకు కారకురాలైన ఆ బాలిక, మరుసటి యేట శత్రువులకు చిక్కెను. రువాన్ నగరమున కోషోన్ అను బిషప్పు విచారణ నడపెను. మతద్రోహియని నిర్ణయించి, 1431 మే 30వ తేదిని ఆమెను సజీవముగా దహించిరి.

1449లో చార్లెసు రువాన్ నగరమును గెలిచెను. విచారణ నాటి పత్రములును చేజిక్కెను. మరుసటి యేడు అతడు దర్యాప్తు చేయించెను. మతద్రోహి సాయమున కిరీటము పొందినవాడను నింద తనకును తగులుచుండుటయు నందులకు హేతువే. బాలిక శత్రువుల చెరలో నుండగా ఆమెను విడిపించుటకు ఈ రాజు గట్టి ప్రయత్నమేదియు చేయలేదని చదువరులు మరువరాదు. కావున వ్యాజ్యము రాజు పేర గాక, తల్లి, సోదరుల పేర నడచెను. మూడవ కలిక్స్టస్ పోపు 1455లో అనుజ్ఞ నిచ్చెను. ఆ యేడు నవంబరు 7వ తేదిని పారిస్ నగరపు నోటర్‌డేమ్ దేవాలయమున వృద్ధురాలైన ఇజబెల్ తన మనవి నర్పించెను.

తీర్పు తప్పని చెప్పుట వేరు. అది తీర్పే కాదని చెప్పుట వేరు. మొదటిది అభిప్రాయభేదము, దానికి కాలపరిమితి యుండవచ్చును. రెండవదానికి విచారణ నడచిన తీరే సాక్ష్యము. కొత్త న్యాయాధిపతులు ఈ రెండవ మార్గమునే త్రొక్కిరి. నూటికిపైగా సాక్షులను విచారించిరి. నాటి లేఖకుడగు మాన్షోన్ స్వయముగా సాక్ష్యమిచ్చెను. ధర్మసభకు సంబంధించిన ముద్దాయిని సైనికుల కావలిలో నుంచిరని తేలెను. పోపునకు చెప్పుకొందునన్న ఆమె ప్రార్థనను త్రోసిపుచ్చిరి. ఆమె మాటలను వక్రించి పండ్రెండు అభియోగములుగా కూర్చిరి. ఆమె గుర్తుపెట్టిన పత్రము కొలది పంక్తులదే యని సాక్షులు చెప్పగా, దస్త్రములో నున్నది అంతకంటె చాల దీర్ఘమైనది.

1456 జూలై 7వ తేదిని, రువాన్ నగరముననే, పూర్వపు తీర్పు మొదటినుండియు చెల్లనిదని ప్రకటించిరి. ఆ అభియోగపత్రమును చింపివేయుడనియు, ఆమెను దహించిన చోట శిలువ నిలుపుడనియు ఆజ్ఞాపించిరి.

బూడిదయైన బిడ్డ తిరిగి రాలేదు. కోషోన్ 1442లోనే మరణించెను. ఎవ్వరును దండనము పొందలేదు. మరి ఫలమేమి? మతద్రోహి తల్లి యను నింద ఆ వృద్ధురాలిని వీడినది. అబద్ధము దస్త్రములలో సత్యముగా నిలిచియుండుట తప్పినది. "ఏనాటిదో, ఇప్పుడేల?" యని మన యిండ్లలోను, సభలలోను తరచుగా ననుచుందుము. నష్టపడినవారు ఆ మాట యనినచో అది క్షమ. నష్టపెట్టినవారే యనినచో, అది చేసిన యన్యాయమును కప్పిపుచ్చుటయే.