నూరు రోజుల తోడు

మూలుగ మార్పిడిని మొదటిసారి చూసినవాళ్లు ‘ఇంతేనా?’ అంటారు. కోతల్లేవు, కుట్లు లేవు. స్టాండుకి ఒక సంచీ వేలాడుతుంది. ఛాతీ దగ్గర పెద్ద సిరలోకి వేసిన గొట్టం గుండా అందులోని మూలుగ చుక్కచుక్కగా దిగి, కొన్ని గంటల్లో సంచీ ఖాళీ అవుతుంది. ఆసుపత్రిలో ఆ రోజును ‘డే జీరో’ అంటారు. లెక్క అక్కడ మొదలై నూరో రోజు దాకా నడుస్తుంది. ఆ నూరు రోజులూ రోగి పక్కన ఎవరున్నారు, వాళ్లు ఏం చేశారు అన్నది ఈ వైద్యం చరిత్రలో సగం. డాక్టర్ల పేర్లతో, మందుల పేర్లతో రాసిన చరిత్రలో ఆ సగానికి దక్కిన చోటు చాలా తక్కువ.

అసలు ఈ వైద్యం మొదలైందే తోబుట్టువుల ఒంట్లోంచి. 1950ల చివర్లో న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో డాక్టర్ డొనాల్ థామస్ లుకేమియా ముదిరిన రోగులకు ఒళ్లంతా రేడియేషన్ ఇచ్చి, ఒకే పోలికతో పుట్టిన కవల తోబుట్టువు మూలుగను ఎక్కించారు. రక్తం మళ్లీ ఊరింది. కొన్ని నెలలకే జబ్బు తిరగబెట్టింది. 1958 అక్టోబరులో యుగోస్లావియాలోని వించా అణు కేంద్రంలో ప్రమాదం జరిగి ఆరుగురికి రేడియేషన్ సోకితే వాళ్లను పారిస్‌కి తరలించారు. అక్కడ జార్జ్ మాతే బృందం వారిలో ఐదుగురికి ఏ బంధుత్వమూ లేని ఫ్రెంచి దాతల మూలుగ ఎక్కించింది. ఒక్కరు తప్ప అందరూ బతికారు గానీ, ఎక్కించిన మూలుగ కొంతకాలమే నిలిచింది. ఆ తర్వాతి పదేళ్లలో ఎక్కువ ప్రయత్నాలు విఫలమయ్యాయి. చాలామంది పరిశోధకులు ఇది అయ్యే పని కాదని వదిలేశారు.

థామస్ వదల్లేదు. 1963లో సియాటిల్ చేరారు. ఆయన భార్య డాటీ జర్నలిజం చదువుకున్న మనిషి. పెళ్లయ్యాక ల్యాబ్ పని నేర్చుకుని, జీవితాంతం ఆయన పక్కనే పనిచేశారు. 1990లో ఆయనకు నోబెల్ వచ్చింది. మూలుగ మార్పిడికి ఆయన తండ్రి అయితే తల్లి డాటీయేనని ఆ రంగంలో వాళ్లు ఈనాటికీ చెప్పుకుంటారు.

సియాటిల్ బృందం 1977లో నూరుమంది రోగుల లెక్క ప్రచురించింది. అందరూ ఇక ఏ మందూ పనిచేయని దశలో వచ్చినవాళ్లే. పదముగ్గురు బతికారు. ఇప్పుడు ఆ అంకె చిన్నదిగా కనిపిస్తుంది. అంతకుముందు వాళ్లెవరికీ బతుకుమీద ఆశే లేదు.

అక్కడే నూరు రోజుల పద్ధతి స్థిరపడింది. దూరాల నుంచి వచ్చిన రోగులు ఆసుపత్రి గడప దాటినా ఊరు దాటకూడదు. దగ్గర్లోనే ఇల్లు తీసుకోవాలి, ఇరవై నాలుగు గంటలూ ఇంటిమనిషి ఒకరు తోడుండాలి. ఆ మనిషి ఊరికే కూర్చునే మనిషి కాదు. ఛాతీలో ఉండే గొట్టాన్ని రూపొందించింది సియాటిల్ డాక్టర్ రాబర్ట్ హిక్‌మన్. నెలల తరబడి ఒంట్లో ఉండే ఆ గొట్టాన్ని శుభ్రం చేయడం, కట్టు మార్చడం, మందులు వేళకి వేయడం నర్సుల చేతుల్లోంచి భార్యల చేతుల్లోకి, తల్లుల చేతుల్లోకి వచ్చాయి. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే అర్ధరాత్రయినా ఫోన్ చేయాలి. తెల్లకణాలు పడిపోయిన ఒంట్లో ఇన్‌ఫెక్షన్ గంటల్లో ముదిరిపోతుంది.

రెండో భయం ఇంకా వింతైనది. ఎక్కించిన మూలుగతో వచ్చిన దాత కణాలు కాపలాకి వచ్చినవాడే ఇంటిమీద పడ్డట్టు రోగి చర్మంమీద, కాలేయంమీద, పేగులమీద దాడి చేస్తాయి. ఒంటిమీద కొత్తగా లేచిన దద్దును ముందుగా చూసేది చాలాసార్లు స్నానం చేయించే మనిషే. ఈ దాడిని అదుపు చేయడానికి సియాటిల్‌లో మొదట్లో వాడిన మందు మెథోట్రెక్సేట్. దాని వెనక భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. ఆయన అన్నను స్ప్రూ జబ్బు పొట్టనపెట్టుకుంది. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన బృందం ఆ జబ్బుకు విరుగుడైన ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, దానికి ఎదురు తిరిగే మందులనూ తయారుచేసింది. ఆ రెండో తోవలో వచ్చిందే మెథోట్రెక్సేట్. సుబ్బారావు 1948లోనే పోయారు, తన మందు ఈ పనికొస్తుందని ఆయన చూడలేదు.

తోబుట్టువుల్లో ఒక్కొక్కరి మూలుగ సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతే. మరి మిగతావాళ్లు? లండన్‌లో షర్లీ నోలన్ ఈ ప్రశ్నను పట్టుకున్నారు. కొడుకు ఆంథొనీకి పుట్టుకతోనే రోగనిరోధక లోపం, ఇంట్లో ఎవరిదీ సరిపోలేదు. 1974లో ఆమె ప్రపంచంలోనే మొదటి మూలుగదాతల రిజిస్ట్రీని మొదలుపెట్టారు. ఆంథొనీకి మాత్రం దాత దొరకలేదు, 1979లో ఏడేళ్ల వయసులో చనిపోయాడు. రిజిస్ట్రీ ఇప్పటికీ అతని పేరుతోనే నడుస్తోంది. మన దేశంలో అలాంటి ‘దాత్రి’ సంస్థ చెన్నైలో 2009లో మొదలైంది.

మన దేశంలో మొదటి మార్పిడి 1983లో ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో జరిగింది. చేసింది డాక్టర్ సురేశ్ అద్వానీ, సియాటిల్‌లో థామస్ దగ్గర పని నేర్చుకున్నవారు. చిన్నప్పుడే పోలియో వచ్చి చక్రాల కుర్చీలోనే వైద్యం చదివిన మనిషి. ఆ ఆసుపత్రి పుట్టుకలోనూ లుకేమియా ఉంది. 1931లో ఆ జబ్బుతో పోయిన మెహెర్‌బాయి టాటా జ్ఞాపకంగానే 1941లో దాన్ని తెరిచారు. 1986లో వెల్లూరు సీఎంసీలో మార్పిడులు మొదలయ్యాయి. చిత్తూరు, నెల్లూరు జిల్లాలవాళ్లకు అది దగ్గరి ఊరు.

వెల్లూరు లాడ్జీల్లో పొయ్యి పెట్టుకునే గదులుంటాయి. అక్కడ వంటే సగం వైద్యం. నీళ్లు మరగాలి, అన్నం వేడివేడిగా వడ్డించాలి, ఇడ్లీ ఆవిరి మీదనుంచి దిగీ దిగగానే పెట్టాలి. పచ్చి కొత్తిమీర చట్నీ వద్దు, బయటి టిఫిన్ వద్దు, ఊరి నుంచి తెచ్చిన ఆవకాయ వద్దు. నోరంతా పుండ్లయిన బిడ్డ రెండు చెంచాలు మింగితే ఆ పూటకదే గొప్ప. పచ్చికూరలూ పండ్లూ పూర్తిగా మానేసినంత మాత్రాన ఇన్‌ఫెక్షన్లు తగ్గడం లేదని తర్వాతి పరిశోధనలు చూపించాయి. అయినా చేతులు కడుక్కోవడం, శుభ్రంగా వండటం నియమాలుగా నిలిచాయి. ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు దాతల కోసం ఫోన్లు చేసేదీ ఆ వంట చేసిన మనిషే.

ఈమధ్య కాలంలో ఆ మనిషిమీద ఇంకో బాధ్యత పడింది. సగం పోలికే ఉన్న మూలుగతోనూ మార్పిడి చేసే పద్ధతిని అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు అభివృద్ధి చేశారు. మార్పిడి అయిన మూడో, నాలుగో రోజుల్లో సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చి దాడి చేసే కణాలను అణిచేస్తారు. ఒక్క బిడ్డే ఉన్న ఇళ్లకు ఇది దారి తెరిచింది, తల్లీ తండ్రీ ఇద్దరూ దాతలు కాగలరు. మత్తు ఇచ్చి తుంటి ఎముకలోంచి మూలుగ తీయించుకున్న తల్లి, నొప్పి తగ్గకముందే బిడ్డ మంచం దగ్గరికి చేరుతుంది.

ఆసుపత్రి బిల్లులో ఆమె పోగొట్టుకున్న కూలి కనిపించదు, లాడ్జి అద్దె కనిపించదు. 1974లోనే ఫిలడెల్ఫియాలో క్యాన్సర్ డాక్టర్ ఆడ్రీ ఎవాన్స్, కూతురికి లుకేమియా వచ్చిన ఫుట్‌బాల్ ఆటగాడు ఫ్రెడ్ హిల్ కలిసి దూరాల నుంచి వచ్చే తల్లిదండ్రుల కోసం మొదటి రోనాల్డ్ మెక్‌డొనాల్డ్ హౌస్ తెరిచారు. ముంబయి దాదర్‌లో గాడ్గే మహారాజ్ ధర్మశాల క్యాన్సర్ రోగుల కుటుంబాలకు నీడ ఇస్తోంది. 2006లో ముంబయిలోనే మొదలైన సెయింట్ జూడ్ సంస్థ ఇప్పుడు హైదరాబాద్‌లోనూ క్యాన్సర్ పిల్లలకూ తల్లిదండ్రులకూ ఉచితంగా గది, వండుకునే చోటు ఇస్తోంది. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చిన తల్లికి పొయ్యి ఉన్న ఒక శుభ్రమైన గది దొరకడం మందుల చీటీతో సమానమైన అవసరం. మార్పిడికి తేదీ ఖాయం చేసే రోజే ఆ గదీ ఖాయం కావాలి.