నాణేల గ్రేడింగ్: షరాబు గీటురాయి నుంచి ప్లాస్టిక్ పెట్టె దాకా

నాణెం అసలుదో నకిలీదో తేల్చి, అరుగుదలనూ అచ్చు పడిన తీరునూ పైమెరుపునూ చూసి, దానికొక స్థాయి కట్టడాన్ని నాణేల గ్రేడింగ్ అంటారు. రుసుము పుచ్చుకుని ఈ పని చేసే సంస్థలు నాణేన్ని పగలగొడితే తప్ప తెరుచుకోని పారదర్శక పెట్టెలో బిగించి, గ్రేడూ వరుస సంఖ్యా ఉన్న చీటీ పెట్టి ఇస్తాయి. సేకర్తలు ఆ పెట్టెను స్లాబ్ అంటారు. ఈ పద్ధతికి నిండా అర్ధ శతాబ్దం వయసు లేదు. పరీక్ష మాత్రం కృష్ణా డెల్టాకు రెండు వేల ఏళ్ళ నాటి పని. మంచి సరుకును ‘నాణ్యమైనది’ అంటాం. ఆ మాట నాణెం పక్కన పుట్టిందే.

గాటు, గుర్తు

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో నాణేలు పరీక్షించే అధికారి పేరు రూపదర్శకుడు. ఆ కాలపు వెండి విద్ధాంక (ముద్రలు కొట్టిన) నాణేలు అమరావతిలో వేల సంఖ్యలో ఒకేచోట దొరికాయి. వాటిని పరిశీలించి పరమేశ్వరీ లాల్ గుప్తా రాసిన గ్రంథాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1963లో ప్రచురించింది. ఇలాంటి నాణేల మీద పెద్ద ముద్రలతో పాటు ఎక్కడపడితే అక్కడ చిన్న చిన్న ముద్రలు కనిపిస్తాయి. నాణెం చేతులు మారినప్పుడు పరీక్షించిన వర్తకుడు ‘ఇది మంచిదే’ అని వేసిన గుర్తులవి అని పండితులు చెబుతారు. నేటి స్లాబు చీటీ చెప్పే మాటను ఆనాటి వర్తకుడు నాణెం ఒంటి మీదే కొట్టాడన్న మాట.

గుర్తుతో తృప్తిపడనివాళ్ళు గాటు పెట్టేవారు. దక్షిణాదిలో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో చాలావాటికి చక్రవర్తి ముఖం మీద ఉలి గాట్లున్నాయి. పుదుక్కోట్టై రాశి ఇందుకు పేరుమోసిన ఉదాహరణ. ఆ గాట్లు ఎందుకు పెట్టారన్న దానిపై వాదాలున్నా, గాటు వల్ల లోపలి లోహం బయటపడుతుందన్నది మాత్రం నిజం. నేటి గ్రేడర్ కంటికి అదే గాటు ఒక లోపం. నాణేనికి పూర్తి గ్రేడు దక్కకుండా చేస్తుంది.

శాతవాహనులు ఈ ప్రాంతంలో సీసపు నాణేలు విరివిగా వేశారు. రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉన్న నాణేలు వాటిలో ప్రసిద్ధమైనవి. తూర్పు తీరపు సముద్ర వ్యాపారానికి అవి సాక్ష్యం. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది. అందుకే దాన్ని పోతపోసి దొంగ నాణెం చేయడం తేలిక. పైగా గాలి, తేమ తగిలితే తెల్లటి పొడి పట్టి అచ్చు మాసిపోతుంది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మ్యూజియంలోని శాతవాహన నాణేలపై ఎం. రామారావు 1961లో వెలువరించిన పట్టిక నేటికీ పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది.

మాడ, వరాహం, వట్టం

వేంగి చాళుక్యుల్లో శక్తివర్మ, రాజరాజ నరేంద్రుడు పలుచటి వెడల్పాటి రేకు మీద వరాహ లాంఛనంతో బంగారు నాణేలు వేయించారు. శక్తివర్మ నాణేలు బంగాళాఖాతం ఆవలి అరకాన్ తీరంలోని చెడుబా దీవిలోనూ దొరికాయి. శాసనాల్లో మాడ, గద్యాణం, రూక, చిన్నం వంటి పేర్లు వినిపిస్తాయి. ఏ రాజు మాడో కూడా చెప్పి మరీ దానాలు రాయించుకోవడం చూస్తే, పేరొకటైనా అన్ని నాణేలూ ఒక్క విలువవి కావని జనానికి తెలుసునని అర్థమవుతుంది.

ఆ తేడా కట్టిచ్చేవాడే షరాబు. గీటురాయి మీద నాణేన్ని ఒరిపి, పక్కనే తెలిసిన వన్నె బంగారాన్ని ఒరిపి, రెండు గీతల రంగూ పోల్చేవాడు. పదారు వన్నె అంటే స్వచ్ఛమైన బంగారమన్న నానుడి ఈ కొలతలోంచి వచ్చిందే. నాణెం అరిగినా, వన్నె తగ్గినా, పక్క రాజ్యానిదైనా మారకంలో కొంత కోసేవాడు. ఆ కోతకు వట్టం అనీ బట్టా అనీ పేర్లు.

గోల్కొండ సుల్తానుల రేవుపట్నమైన మచిలీపట్నం ఈ విద్యకు పెద్ద బడి. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు అక్కడ వర్తక స్థావరాలు పెట్టారు. పర్షియా వెండి, యూరప్ వెండి, దేశీయ బంగారు వరాహాలు ఒకే బజారులో కలిసేవి. 1652లో ఆ రేవులో దిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే భారతీయ షరాబుల నైపుణ్యానికి అబ్బురపడ్డాడు. గీటురాయికి అంటిన బంగారపు రజనును కూడా వదలకుండా మైనం కలిపిన ఉండతో అద్ది తీసుకునేవారని రాశాడు.

గీటురాయికీ ఒక పరిమితి ఉంది. అది పైపొర సంగతే చెబుతుంది. మందంగా బంగారు పూత వేస్తే రాయి కూడా మోసపోతుంది. మచిలీపట్నం పక్కనే ఉన్న చిలకలపూడి గిల్టు నగలకు దేశమంతా పేరు. రాగి, ఇత్తడి మీద బంగారు పూత నిలబెట్టడంలో అక్కడి పనివాళ్ళు దిట్టలు. అమ్మేవాడు గిల్టని చెప్పే అమ్ముతాడు కాబట్టి అది మోసం కాదు. కానీ అదే పూత నాణెం మీద పడితే కొలవవలసింది రంగు కాదు, బరువూ సాంద్రతా. నీళ్ళలో ముంచి సాంద్రత కట్టడం, ఎక్స్-రే కిరణాలతో లోహాల పాళ్ళు తేల్చడం నేటి ప్రయోగశాలల పని.

కంపెనీ వేసిన డబ్బు

మచిలీపట్నం టంకశాల పేరున్న రూపాయిలు మొగలు కాలం నుంచీ ఉన్నాయి. 1750లో ఫ్రెంచివాళ్ళు, 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ దాడితో ఇంగ్లీషువాళ్ళు ఆ పట్నాన్ని పట్టుకున్నారు. ఊరు చేతులు మారినా నాణెం మీద మొగలు చక్రవర్తి పేరే సాగింది. అందుకే ఈ రూపాయిల్లో ఏది ఎవరు వేశారో చెప్పాలంటే ఏలుబడి సంవత్సరం, చిన్న చిన్న గుర్తులు, అక్షరాల వరస చూడగల నిపుణుడు కావాలి. ఇక్కడ గ్రేడు అంకె కన్నా గుర్తింపు ముఖ్యం. గుర్తింపు తప్పితే అంకె ఎంత పెద్దదైనా దండగే.

ఉత్తర సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీ రాగి నాణేలను ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద అచ్చు వేయించింది. 1794, 1797 సంవత్సరాలతో వచ్చిన వీటి మీద రూపాయికి 48 అనీ 96 అనీ విలువ రాసి ఉంటుంది. అలాంటి రాగి నాణేన్నే మనవాళ్ళు డబ్బు అన్నారు; ఆ మాటే సొమ్మంతటికీ పేరైంది. యంత్రపు అచ్చు కాబట్టి గుండ్రని అంచు, సమానమైన బరువు, స్పష్టమైన అక్షరాలు వచ్చాయి. ఒకదానితో ఒకటి పోల్చి ‘ఇది అరిగింది, ఇది అరగలేదు’ అని అంకెల్లో చెప్పడానికి వీలు దొరికింది కూడా ఇలాంటి నాణేల వల్లనే.

మద్రాసు రాజధానిలో 1818లో వరాహం స్థానంలో రూపాయి ప్రమాణమైంది. 1835 చట్టంతో కంపెనీ ఏలుబడి అంతటా 180 గ్రెయిన్ల బరువు, పన్నెండింట పదకొండు పాళ్ళ వెండి ఉన్న ఒకే రూపాయి వచ్చింది. వట్టం లెక్కలతో బతికిన షరాబుకు పని తగ్గింది. 1940 నుంచి రూపాయిలో వెండి సగానికి దిగింది. 1947లో నికెల్ రూపాయి వచ్చింది.

డెబ్బై మెట్ల కొలత

వాడుకలో లేని నాణేనికి సేకర్తే కొనుగోలుదారు. వెండి ఎంత అన్న ప్రశ్న వెనక్కి పోయి, ఎంత చెడకుండా ఉంది అన్నది ముందుకొచ్చింది. అమెరికన్ విలియం హెర్బర్ట్ షెల్డన్ 1949లో పాత సెంట్ల మీద రాసిన పుస్తకంలో 1 నుంచి 70 దాకా ఒక కొలబద్ద పెట్టాడు. బొత్తిగా అరిగి రకం మాత్రమే తెలిసే నాణెం 1. ఏ లోపమూ లేనిది 70. అది మొదట ధర కట్టే లెక్క. 70 అంకె నాణెం 1 అంకె నాణేనికి డెబ్బై రెట్లు పలకాలన్నది ఆయన ఊహ. ధరల లెక్క నిలవలేదు, అంకెలు నిలిచాయి. వాడుకలోకి వెళ్ళని నాణేలకు 60 నుంచి 70 దాకా ఉన్న మెట్లు చెల్లుతాయి.

అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ 1972లో అసలు నకిలీ తేల్చే విభాగం పెట్టి, 1979లో గ్రేడు ఇవ్వడం మొదలుపెట్టింది. గ్రేడింగ్ సంస్థలైన పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో పని మొదలుపెట్టాయి. మొదటిది కాలిఫోర్నియాది, రెండోది ఇప్పుడు ఫ్లోరిడాలోని సారసోటాలో ఉంది. స్లాబును లోకానికి అలవాటు చేసినవి ఇవే. నాణెం చూసేవాడికీ అమ్మేవాడికీ సంబంధం ఉండకూడదన్నది వాటి మూల సూత్రం. గీటురాయి పట్టిన షరాబే కొనుగోలుదారు కూడా అయిన పాత బజారుకూ ఈ పద్ధతికీ ఉన్న అసలు తేడా ఇదే.

సంస్థను ఎంచుకోవడం

విజయవాడ సేకర్తకు మొదటి ప్రశ్న సంస్థ పేరు కాదు, నాణెం వయసు. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్ళకు తక్కువ కాని నాణెం పురావస్తువు. కేంద్ర ప్రభుత్వం గాని అది అధికారమిచ్చిన సంస్థ గాని తప్ప మరెవరూ దాన్ని దేశం దాటించకూడదు. దాటిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు. గ్రేడు కోసం పంపినా, అమెరికా వెళ్ళే చుట్టం చేతికిచ్చినా చట్టం దృష్టిలో తేడా లేదు. అంటే శాతవాహనుల సీసమూ, మచిలీపట్నం రూపాయీ, 1794 డబ్బూ ఇక్కడే పరీక్షించుకోవాలి. అలాంటి నాణేలకు అచ్చైన పట్టికలు, మ్యూజియం నిపుణులు, నాసిక్ దగ్గర అంజనేరిలో 1980లో నెలకొన్న నాణేల పరిశోధన సంస్థ వంటివి దారి. పొలంలోనో పునాదిలోనో దొరికిన నాణేలైతే 1878 నాటి నిక్షేపాల చట్టం కిందికి వస్తాయి; విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి.

ఆ నూరేళ్ళ గీతకు ఇవతల ఉన్న నాణేలకు సంస్థను ఎంచుకునేటప్పుడు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. నకిలీని అసలని చెబితే నష్టపరిహారం ఇస్తుందా? చీటీ మీది సంఖ్యతో నాణెం ఫొటో చూసుకునే వీలుందా? భారతీయ నాణేల్లో టంకశాల గుర్తులూ రకాలూ సరిగా రాస్తుందా? పెట్టెలకే నకిలీలు వచ్చాయి కాబట్టి సంఖ్య సరిచూసుకోకుండా స్లాబు కొనకూడదు. హామీని చదివే ఒప్పుకోవాలి. రుసుము, రానూపోనూ ఖర్చు, బీమా కలిపితే నాణెం ధరను మించే సందర్భాలే ఎక్కువ. 1943-47 నాటి చిల్లు కానీని పంపేవాడు ఈ లెక్క ముందే వేసుకోవాలి. 1939 రూపాయి సంగతి వేరు. అరుదైనది, దొంగ నాణేలు ఎక్కువగా తిరిగేది. దానికి పెట్టిన ఖర్చు వృథా పోదు.

స్వాతంత్ర్యం తర్వాతి నాణేల్లో ఏడాది అంకె కింద అయిదు కోణాల నక్షత్రం ఉంటే హైదరాబాదు టంకశాలది, వజ్రాకారం ముంబైది, చుక్క నోయిడాది, ఏ గుర్తూ లేనిది కోల్‌కతాది. చీటీ మీద ఈ వివరం తప్పుగా ఉంటే వెనక్కి పంపాలి.

ఇంట్లోని నాణెం

డెల్టా ఇళ్ళలో మంచి నాణేలను ఎక్కువగా చెడగొట్టింది దొంగలు కాదు, చింతపండు. పండగ ముందు లక్ష్మీదేవి దగ్గర పెట్టే వెండి రూపాయిలను పులుసుతో, ముగ్గుపిండితో తోమడం ఆచారం. ఏళ్ళ తరబడి పట్టిన సహజమైన పొర పోయి, సన్నటి గీతలు పడతాయి. గ్రేడింగ్ సంస్థలు అలాంటి నాణేనికి అంకె ఇవ్వకుండా ‘శుభ్రం చేసినది’ అని రాసి పంపిస్తాయి. కాసుల పేరులో కూర్చిన సవరనులదీ అదే గతి: కొక్కెం అతికించిన గుర్తు తీసినా పోదు.

బంగారం తూకంలో మనం కాసు అంటే 8 గ్రాములు, అది 7.988 గ్రాముల ఆంగ్ల సవరను బరువు నుంచి వచ్చింది. 1918లో బొంబాయిలో కూడా సుమారు 13 లక్షల సవరనులు వేశారు. నేల గీత మీద ‘ఐ’ అక్షరం వాటి గుర్తు. నగల మీది హాల్‌మార్కు బంగారం పాలు మాత్రమే చెబుతుంది. ఆ అక్షరం విలువ దానికి తెలియదు.

1918 సవరను ఇప్పటికే నూరేళ్ళ గీత దాటింది. 1939 రూపాయి 2039లో, 1947 నికెల్ రూపాయి 2047లో దాటుతాయి.