ఎముకలో ఫ్లోరిన్: ఒక కొలత చరిత్ర

పంజాగుట్టలోని నిమ్స్ మొదట నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి, అంటే ఎముకల ఆసుపత్రి. నిమ్స్ సంచాలకులుగా పనిచేసిన నాడీ శస్త్రవైద్యులు డి. రాజారెడ్డి, ఫ్లోరోసిస్ వల్ల వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు చచ్చుబడే స్థితిని అధ్యయనం చేశారు. అయితే మన ప్రాంతంలో ఈ వ్యాధి గురించిన తొలి ఆధారాలలో ఒకటి పశువులకు సంబంధించినది. 1934లో మహాజన్ హైదరాబాద్ రాష్ట్రంలోని పశువులలో ఫ్లోరోసిస్‌ను గుర్తించారు. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా ప్రజలలో దీనిని వివరించారు. 1955లో సిద్దిఖీ నల్లగొండ జిల్లా రోగుల గురించి రాశారు.

పశువులూ మనుషులూ తాగేది ఒకే భూగర్భజలం. నీటిలోని ఫ్లోరైడ్ శరీరంలో చేరి ఎముకలోని ఖనిజంతో కలుస్తుంది. శరీరంలో నిలిచే ఫ్లోరైడ్‌లో దాదాపు 99 శాతం ఎముకలు, పళ్లలోనే ఉంటుంది. మూత్రంలోని ఫ్లోరైడ్ ఇటీవల లోపలికి చేరినదానిని సూచిస్తే, ఎముక ఏళ్ల తరబడి పోగైనదానిని చూపుతుంది. అందువల్ల ఎముక ముక్క కూడా ఒక చారిత్రక ఆధారమే.

దీనిని కొలవడం తేలిక కాదు. ఎముకను శుభ్రపరచి, కొలిమిలో కాల్చి బూడిద చేయాలి. 1933లో విల్లార్డ్, వింటర్ ప్రతిపాదించిన పద్ధతిలో ఆ బూడిదను సిలికా సమక్షంలో ఆమ్లంతో వేడిచేస్తే, ఫ్లోరిన్ ఆవిరితోపాటు వేరుపడుతుంది. ఆ ద్రవానికి థోరియం నైట్రేట్‌ను చుక్కలుగా కలుపుతూ, రంగు మారేచోట ఆపి లెక్కకట్టాలి. ఓపిక, నేర్పు రెండూ కావాలి. 1966లో ఫ్రాంట్, రాస్ లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికంతో ఎలక్ట్రోడ్‌ను రూపొందించాక పని సులువైంది. బూడిదను ఆమ్లంలో కరిగించి, ద్రావణాన్ని తగిన స్థితికి తెచ్చి, ఎలక్ట్రోడ్‌ను ముంచితే సరిపోతుంది.

కొలత వ్యాధి కారణాన్ని రుజువు చేసింది, కానీ అదొక్కటే వ్యాధిని ఆపలేదు. ముదిరిన ఫ్లోరోసిస్‌లో వంగిన ఎముకను మందు తిరిగి నిటారు చేయదు. నివారణ సురక్షితమైన నీటిలోనే ఉంది. పశువులలో దీనిని గుర్తించింది 1934లో. మధ్యలో ఎన్నో నీటి పథకాలు వచ్చినా, ఇంటింటికీ శుద్ధజలం అందించే లక్ష్యంతో మిషన్ భగీరథ ప్రారంభమైంది 2016లో. తెలుసుకోవడానికీ చేయడానికీ మధ్య గడిచిన ఈ కాలం కూడా విజ్ఞానశాస్త్ర చరిత్రలో భాగమే.

స్వీయ పరీక్ష: చారిత్రక ఆధారాలుగా నీటిలోని ఫ్లోరైడ్ కొలతకూ, ఎముకలోని కొలతకూ గల తేడాను వివరించండి.