డీజిల్ కొనమన్నారు, తర్వాత ఛార్జ్ వేశారు: లండన్ యూలెజ్ కథ

మన కారు, మన ఊరు. అయినా బండి బయటికి తీస్తే రోజుకి 12.50 పౌండ్లు కట్టాలంటే ఎలా ఉంటుంది? లండన్‌లో పాత డీజిల్ కారు ఉన్నవాళ్ల పరిస్థితి అదే. వాళ్ల కోపం అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

2001లో బ్రిటన్ ప్రభుత్వం కార్ల పన్నుని కార్బన్ డయాక్సైడ్‌తో ముడిపెట్టింది. డీజిల్ కారు ఆ గ్యాస్ తక్కువ వదులుతుంది, అందుకే పన్నూ తక్కువే. జనం డీజిల్ కార్లు తెగ కొన్నారు. కానీ డీజిల్ పొగలో ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే నైట్రోజన్ డయాక్సైడ్ ఎక్కువ.

2003లో ట్రాఫిక్ తగ్గించడానికి సెంట్రల్ లండన్‌లో 5 పౌండ్ల కంజెషన్ ఛార్జ్ పెట్టారు. 2020కి అది 15 అయింది. ఈలోగా 2019లో పొగ ఎక్కువ వదిలే బళ్ల మీద ఇంకో ఛార్జ్ వచ్చింది, అదే యూలెజ్. 2023 ఆగస్టు 29న దాన్ని లండన్ మొత్తానికీ పెంచారు. పాత కారు స్క్రాప్‌కి ఇస్తే 2000 పౌండ్లు ఇచ్చే స్కీమ్‌ని లండన్ వాళ్లందరికీ తెరిచింది మాత్రం దానికి కొద్ది రోజుల ముందే! కొందరు కోపంతో కెమెరాల వైర్లు కోసేశారు.

ఇంకో వైపు కూడా చూద్దాం. ఎల్లా కిస్సీ-డెబ్రా, 9 ఏళ్ల పాప. రద్దీగా ఉండే సౌత్ సర్క్యులర్ రోడ్డు దగ్గరే ఇల్లు. 2013లో ఆస్తమాతో చనిపోయింది. ఆ చావుకి గాలి కాలుష్యం కూడా ఒక కారణమని 2020లో కరోనర్ విచారణ తేల్చింది.

అందుకే నా దృష్టిలో ఛార్జ్ అవసరమే. కానీ డీజిల్ వైపు తోసింది దేశ ప్రభుత్వం, బిల్లు వేసింది మేయర్, కట్టింది మాత్రం సామాన్యుడు. మీరేమంటారు? కామెంట్‌లో చెప్పండి.