పలుపు తెగాలె, భూమి దక్కాలె

భూమి తిరిగి ఇవ్వాలనే మాట ఎత్తగానే మనకో ప్రశ్న ఎదురవుతుంది: "మీకు ఎన్నడు భూమి ఉండె గనుక?" బోధన్ చెరుకు ప్రాంతపు చరిత్రలోనే దీనికి జవాబుంది.

1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఆ కథ అందరికీ తెలుసు. అంతకు ముందునుంచే ఊళ్ళల్లో సేత్‌సింధీ, నీరడి, బలూతా ఈనాములుండేవి. కావలి కాసినందుకు, చెరువు నీళ్ళు చూసినందుకు, కచేరీ కబుర్లు మోసినందుకు మాల మాదిగలకు దక్కిన తుండ్లు ఈ లెక్కలోవే. పని మానితే భూమి పోయేది. అంటే భూమికి వెట్టి అనే పలుపు కట్టి ఇచ్చిండ్రు.

1955లో తెలంగాణ ఈనాముల రద్దు చట్టం వచ్చింది. అయితే ఊరి సేవకు ఇచ్చిన ఈ ఈనాములను పేర్లు పెట్టి మరీ తన పరిధిలోంచి తప్పించింది. చట్టం మనల్ని మరిచిపోయి వదిలేసిందని ఎట్లా అనగలం?

ఇది ఎకరాల లెక్క మాత్రమే కాదు. బోధన్ దగ్గరి అమ్దాపూర్‌లో బతికిన చిందు ఎల్లమ్మ 2005లో కన్నుమూసింది. చిందు భాగోతం ఆమెతో దేశమంతా తెలిసింది. మాదిగలను ఆశ్రయించుకుని, మిరాశీ ఊళ్ళు తిరిగి ఆడిన కళ అది. కళను మెచ్చుకున్నవాళ్ళు కళాకారుల కాళ్ళ కింది నేల గురించి అడగలేదు.

అమెరికాలో చెరోకీలను 1838లో సైన్యంతో తరిమివేశారు. వేలమంది దారిలోనే చచ్చిపోయారు. కొండల్లో మిగిలిన తూర్పు చెరోకీలు 1996లో తమ తల్లి ఊరుగా భావించే కిటువాలో 309 ఎకరాలు తిరిగి సంపాదించుకున్నారు. దానం రాలేదు, సొంత డబ్బు పెట్టి కొన్నారు. పూర్వీకుల భూమిని వారసులే కొనుక్కోవలసి రావడం ఏం న్యాయం? అయినా భాషకు, ఆచారానికి ఒక నేల ఉండాలని వాళ్ళు గుర్తించారు.

వాళ్ళకూ మనకూ ఒక తేడా ఉంది. వాళ్ళు పాత బతుకును నిలుపుకోవాలనుకుంటున్నారు. మన పాత బతుకులో వెట్టి ఉంది. కాబట్టి మనం అడిగేది భూమినే, దానికి కట్టిన పలుపును కాదు. చిందు ఆడాలె, కానీ కులపు కట్టుబాటుతో కాదు.

పని కాగితాలతో మొదలుపెడదాం. ప్రతి ఊరి 1954-55 ఖాస్రా పహాణీ తీసి, సేవ ఈనాముల సర్వే నంబర్లు రాసుకుని, ఇవాళ ఎవరి పేర ఉన్నాయో చూద్దాం. అసైన్డ్ భూములైతే 1977 చట్టం ఉండనే ఉంది: ఆ అమ్మకాలు చెల్లవని అది చెబుతుంది. 2002లో ప్రైవేటుపరమై, 2015లో మూతపడిన ఫ్యాక్టరీ గురించి మాట్లాడేటప్పుడు కూడా చెరుకు కొట్టిన చేతుల భూమి మాట ఎత్తాలె. ముసలోళ్ళు పోకముందే వాళ్ళ నోటి సాక్ష్యం రాసుకోవాలె.