నోటి పూత – కొంత చరిత్ర, కొంత జాగ్రత్త

పిల్లవాడికి పెదవుల మూలలు చీలాయి. కోడలికి నాలుక ఎర్రబడి, కాస్త కారం తగిలితే చాలు కళ్ల నీళ్లు తిరుగుతున్నాయి. మామగారికి పళ్లు తోముకుంటుంటే చిగుళ్లలోంచి రక్తం వస్తోంది. ఈ మూడింటికీ మన ఇళ్లలో దొరికే సమాధానం ఒక్కటే – “వేడి చేసింది!” వెంటనే మజ్జిగ ఇస్తాం, సబ్జా గింజలు నానబోస్తాం. నాలుగు రోజులకి తగ్గితే సరే. తగ్గి మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం అసలు కారణం ఏమిటని ఆలోచించం. పూర్వం పెద్ద పెద్ద వైద్యులు కూడా ఇలాగే కారణం ఒకచోట వుంటే మరొకచోట వెతికారు. ఆ కథ తెలుసుకుంటే మన వంటింటికి పనికివచ్చే సంగతులు చాలా వున్నాయి.

1498లో వాస్కో డ గామా కాలికట్‌కు వచ్చిన సంగతి మనం చిన్నప్పుడు చదువుకున్నదే. తిరుగు ప్రయాణంలో అతని ఓడలు ఆఫ్రికా తీరం చేరడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ నావికులకు నిలవ వున్న తిండే గతి. వాళ్ల చిగుళ్లు వాచి పళ్లమీదికి పెరిగిపోయాయట. ముద్ద నమలడానికి వీల్లేకపోయింది. దాదాపు 30 మంది చనిపోయారు. ఆ జబ్బే స్కర్వీ. మాలిందీ రేవు చేరగానే రోగులకోసం నారింజపళ్లు తెప్పించారు. అంటే పళ్లలో ఏదో గుణం వుందని నావికులకు అప్పటికే కొంత తెలుసన్నమాట. కాని వైద్యులు మాత్రం సముద్రపు గాలి అనీ, తేమ అనీ, సోమరితనం అనీ రకరకాల కారణాలు చెబుతూ వచ్చారు.

1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు ఒక పరీక్ష చేశాడు. స్కర్వీ వచ్చిన 12 మందిని ఇద్దరిద్దరి చొప్పున విడదీసి, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క మందు ఇచ్చాడు. ఒకరికి వెనిగరు, ఒకరికి సముద్రపు నీళ్లు, ఇలాగ. ఒక జంటకు మాత్రం రోజూ రెండు నారింజపళ్లు, ఒక నిమ్మపండు ఇచ్చాడు. ఆరు రోజులకే పళ్లు అయిపోయాయి. అయినా ఆ ఇద్దరిలో ఒకడు అప్పటికే పనిలోకి వెళ్లగలిగాడు. రెండోవాడిని మిగిలిన రోగులకు సేవ చేయడానికి పెట్టారు! లిండ్ ఈ సంగతి 1753లో పుస్తకంగా రాశాడు. కాని బ్రిటిష్ నౌకాదళం నావికులందరికీ నిమ్మరసం ఇవ్వాలని నిర్ణయించింది ఎప్పుడనుకున్నారు? 1795లో! ఆ పళ్లలో వున్నది విటమిన్ సి అని తేలింది 1930 తర్వాతే.

ఇక మన దక్షిణదేశానికి వద్దాం. 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో, ఒకే ఒక్క గదిలో, మెక్‌కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి జబ్బుమీద పరిశోధన మొదలుపెట్టాడు. ఆ గదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు తెచ్చుకుంది. కూనూరులో వున్న రోజుల్లోనే, 1936లో, అయ్‌క్రాయిడ్, కృష్ణన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు నోటి పూతకు బి2 విటమిన్ లోపం కారణమని రాశారు. 1938లో అమెరికాలో 18 మంది స్త్రీలకు ఈ విటమిన్ తక్కువగా వున్న తిండి పెట్టి చూశారు. మూడు నాలుగు నెలలు గడిచేసరికి వారిలో పదిమందికి పెదవుల మూలలు చీలాయి. ఆ విటమిన్ ఇవ్వగానే మానిపోయాయి.

ఇందులో మన తప్పు కూడా కొంత వుంది. మల్లెపువ్వులాంటి బియ్యం కావాలంటాం. మరపట్టించి తవుడంతా పోగొడతాం. నాలుగైదు నీళ్లు పోసి కడుగుతాం. ఆపైన గంజి వారుస్తాం. బి విటమిన్లు నీళ్లలో కరిగేవి. తవుడుతో కొన్ని పోగా, మిగిలినవి కడుగునీళ్లతోనూ గంజితోనూ తూములోకి పోతాయి. బి2కి వెలుతురు కూడా పడదు. పాలగిన్నె మూత లేకుండా ఎండలో వుంచితే అందులోది నశిస్తుంది.

జొన్నల సంగతి మరొకటి. నాలుక ఎర్రగా పుండులా కావడం, ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పెచ్చులు కట్టడం, విరేచనాలు, చివరికి మతి చలించడం – దీనిని పెలాగ్రా అంటారు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో మొక్కజొన్నమీదే బతికే బీదలకు ఈ జబ్బు వచ్చేది. అందరూ అంటువ్యాధి అనుకున్నారు. గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుడు కాదన్నాడు. 1915లో ఖైదీలకు ఆ బీదవారి తిండే పెట్టి జబ్బు తెప్పించి చూపించాడు. అయినా ఎవరూ నమ్మకపోతే, 1916లో రోగుల రక్తాన్ని తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. ఆయన భార్య మేరీ కూడా పట్టుబట్టి ఆ సూది వేయించుకుంది. ఇద్దరికీ జబ్బు రాలేదు. 1937లో, ఆయన పోయిన ఎనిమిదేళ్లకు, లోపించింది నియాసిన్ అనే బి విటమిన్ అని తేలింది.

ఇదే జబ్బు మన హైదరాబాదు చుట్టుపక్కల జొన్నలమీదే బతికే బీదలలో కూడా కనిపించింది. 1960లో గోపాలన్, శ్రీకంటియా గార్లు జొన్నలో ఎక్కువగా వుండే లూసిన్ అనే పదార్థం ఇందుకు కారణం కావచ్చునని రాశారు. దానిమీద తర్వాత వాదోపవాదాలు జరిగాయి. అంతమాత్రాన జొన్నరొట్టె చెడ్డదనుకునేరు! పప్పు, పాలు, ఆకుకూర ఏదీ లేకుండా జొన్న ఒక్కటే తింటే వచ్చిన ముప్పు అది.

ఇంకొక మహాతల్లి కథ చెప్పాలి. లూసీ విల్స్ అనే వైద్యురాలు 1928లో ఇంగ్లండు నుంచి బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే బీద స్త్రీలు గర్భంతో వుండగా రక్తం క్షీణించి ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. ఆమె ముందు క్రిములకోసం వెతికింది, కనబడలేదు. అప్పుడు వాళ్లు ఏం తింటున్నారో చూసింది. కూనూరులోనూ, మద్రాసు గోషా ఆసుపత్రిలోనూ పనిచేసి, ఈస్టునుంచి తీసిన చవకైన సారంతో ఈ రక్తహీనత తగ్గుతుందని 1931లో ప్రకటించింది. అందులో వున్న గుణమే నేటి ఫోలిక్ ఆమ్లం. 1941లో దాన్ని పాలకూరనుంచి వేరుచేశారు. లాటిన్‌లో ఆకు అనే మాటనుంచి దానికి ఆ పేరు వచ్చింది. ఈ లోపం వున్నవారికి నాలుక నున్నగా, ఎర్రగా అయి మంటపుడుతుంది.

ఇప్పుడు మన ఇంటి సంగతి ఆలోచించండి. అందరికీ వడ్డించి, ఆఖరున కూర్చునేది ఎవరు? కూరగిన్నె అడుగు గీరుకుని, ఊరగాయ, మజ్జిగతో సరిపెట్టుకునేది ఎవరు? నెలనెలా రక్తం పోయేదీ, కాన్పులు మోసేదీ కూడా ఆమే. ఇంట్లో అందరి తిండీ ఒకటే అయినా ఆమె నాలుకే ముందు మండిందంటే ఆశ్చర్యమేముంది?

మరి ఏం చేయాలి? బియ్యం ఒకటి రెండుసార్లు కడిగితే చాలు. గంజి వార్చకుండా అత్తెసరు పెట్టండి. ఉప్పుడు బియ్యంలో విటమిన్లు ఎక్కువగా నిలుస్తాయి. ఆకుకూర కడిగాకే తరగండి, మూతపెట్టి త్వరగా ఉడకనివ్వండి. పాలు, పెరుగు, గుడ్డు, పప్పు, మొలకెత్తిన పెసలు – వీటిలో రోజుకు రెండైనా మీ కంచంలోకీ రావాలి. ఉసిరి, జామ, నిమ్మ మన పెరటి మందులు. శాకాహారులు పాలు, పెరుగు మానకూడదు. బి12 విటమిన్‌కు అవే ఆధారం. నాలుక మంట చాలాకాలంగా వుంటే రక్తపరీక్ష చేయించుకోండి. మీకై మీరు ఫోలిక్ ఆమ్లం బిళ్లలు మింగితే బి12 లోపం మరుగునపడి నరాలకు హాని జరగవచ్చు.

నోటి బాధలన్నీ తిండి వల్లనే రావు సుమండీ. ఈనాడు చిగుళ్లనుంచి రక్తం వచ్చేవారిలో ఎక్కువమందికి కారణం పళ్లమీద పేరుకున్న గారే. పళ్ల డాక్టరుచేత శుభ్రం చేయించుకోవాలి. చిన్న తెల్లని పొక్కులు వారం పదిరోజుల్లో వాటంతట అవే మానతాయి. ఉప్పు నీళ్లు పుక్కిలిస్తే ఉపశమనం. పాలు తాగే పసివాడి నోట్లో తుడిచినా పోని తెల్లని పూత వుంటే అది బూజుజాతి; డాక్టరుకు చూపించాలి. మొనదేలిన పన్ను ఒరుసుకుని పుండైతే పన్ను సరిచేయిస్తేనే మానుతుంది.

మూడు వారాలు దాటినా మానని పుండు, తెల్లమచ్చ, ఎర్రమచ్చ – ఇవి నొప్పి లేకపోయినా అశ్రద్ధ చేయకూడదు. పొగాకు, గుట్కా, వక్క అలవాటున్నవారు మరీ జాగ్రత్తగా వుండాలి. శ్రీకాకుళం ప్రాంతంలో చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు స్త్రీలలో వుంది. అక్కడ 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో ప్రచురించిన పరిశోధనలో, ఆ అలవాటున్నవారి అంగిట్లో కలిగే మార్పులను వివరించారు. అటువంటి మార్పులు కొన్ని కేన్సరుకు దారితీస్తాయి. ముందుగా కనిపెడితే నయమవుతుంది.

ఈసారి ఇంట్లో ఎవరి నోరు పూసినా మజ్జిగ ఇవ్వండి, కాదనను. దానితోపాటు నెల రోజులుగా ఆ మనిషి కంచంలో ఏమేమి పడ్డాయో ఒక్కసారి లెక్క చూడండి. ఆ మనిషి మీరే అయితే మరీ జాగ్రత్తగా చూడండి. సెలవు.