పాఠానికి తోడు అంతర్జాలం

* వెతుకులాటకు ముందు పాఠ్యాంశం.. ప్రదర్శనకు ముందు పరిశీలన
* నెట్ అందని బడిలోనూ వినియోగించుకునే మార్గాలు

పదో తరగతిలో విద్యుత్ పాఠం. ప్రయోగశాలలో ఉన్న ఒక్క అమ్మీటరు ముల్లు కదలదు. ఉపాధ్యాయుడు నల్లబల్లపై వలయం గీస్తారు, పిల్లలు నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకుంటారు. పరీక్షలో ఓమ్ నియమాన్ని అక్షరం పొల్లుపోకుండా రాస్తారు. నిరోధం రెట్టింపయితే విద్యుత్ ప్రవాహం ఏమవుతుందని అడిగితే మాత్రం తరగతి మౌనం వహిస్తుంది. పల్లె ఉన్నత పాఠశాలలను ఎరిగినవారికి ఇది కొత్త దృశ్యం కాదు.

ఈ లోటును కొంతైనా పూడ్చగల సామగ్రి అంతర్జాలంలో ఉచితంగా లభిస్తోంది. చూపించేందుకు పరికరాలూ చాలా బడులకు చేరాయి. తెలంగాణ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో 2016లో డిజిటల్ తరగతులు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌లు పంపిణీ చేశారు. నాడు-నేడు పనులు జరిగిన పలు బడుల్లో గోడకు తెరలు అమర్చారు. ఇక చిక్కల్లా తెరపై ఏం చూపాలన్నదే. ఒక్క పదం టైపు చేస్తే వేల వీడియోలు వచ్చిపడతాయి. వాటిలో పాఠానికి పనికొచ్చేది ఏరుకునేలోగా పీరియడ్ ముగుస్తుంది. ఈ నేపథ్యంలో ఉపాధ్యాయులకు, విద్యా కమిటీ సభ్యులకు, తల్లిదండ్రులకు ఉపకరించే వివరాలివి.

ముందు పాఠం.. ఆ తర్వాతే వెతుకులాట

వెబ్‌సైట్‌ను ముందు పెట్టుకుని దానికి తగిన పాఠం వెతకడం వృథా శ్రమ. పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో ముందు గుర్తించాలి. మాటలతో, నల్లబల్లతో చెప్పగలిగిన దానికి తెర అవసరం లేదు. కంటికి కనిపించనిది (అణువు, విద్యుత్ ప్రవాహం), బడికి తేలేనిది (అగ్నిపర్వతం, గ్రహాలు), చేసి చూడటం ప్రమాదకరమైనది (షార్ట్ సర్క్యూట్).. ఇలాంటివాటికే తెర సాయం తీసుకోవాలి.

వెతికేటప్పుడు పాఠం పేరుకు బదులు భావన పేరు వాడితే ఫలితం మెరుగ్గా ఉంటుంది. ‘కాంతి’ అంటే సినిమా పాటలూ వస్తాయి. ‘కుంభాకార కటకం ప్రతిబింబం’ అంటే విషయం దగ్గరకు చేరతాం. తెలుగు లిపిలో ఒకసారి, ఆంగ్ల పదంతో మరోసారి వెతకాలి. పాత డీటీపీ ఫాంట్లలో కూర్చిన తెలుగు పీడీఎఫ్‌లు చాలావరకు వెతుకులాటకు చిక్కవు. కళ్లకు తెలుగులా కనిపించినా కంప్యూటరుకు అవి అర్థంలేని గుర్తులే. కాబట్టి వెతికితే దొరకనంత మాత్రాన ఆ అంశంపై తెలుగులో ఏమీ లేదనుకోరాదు.

తొలి దారి పాఠ్యపుస్తకంలోనే

కేంద్ర ప్రభుత్వ ‘దీక్ష’ వేదిక 2017 సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవాన ఆరంభమైంది. పాఠ్యపుస్తకాల్లో ముద్రించిన క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే ఆ పాఠానికి అనుసంధానించిన వీడియోలు, అభ్యాసాలు తెరుచుకుంటాయి. కెమెరా సరిగా పనిచేయకపోతే కోడ్ కింద ఉన్న ఆరు అక్షరాలు, అంకెల గుర్తును టైపు చేసినా సరిపోతుంది. రాష్ట్ర పాఠ్యప్రణాళికకు దగ్గరగా ఉండటం, తెలుగులో లభించడం దీని అనుకూలత. అయితే అన్ని పాఠాలకూ సామగ్రి ఒకే స్థాయిలో ఉండదు. తరగతిలో చూపే ముందు పూర్తిగా చూసుకోవాలి. తెలంగాణలో 2017లో మొదలైన టీ-శాట్ ప్రసారాల పాఠాలు యూట్యూబ్‌లోనూ దొరుకుతాయి.

విజ్ఞానశాస్త్రం, గణితానికి..

* ఫెట్: నోబెల్ గ్రహీత, భౌతికశాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ప్రాజెక్టు. ఇవి చూసి ఊరుకునే వీడియోలు కావు. విద్యార్థే విలువలు మార్చి ఫలితం గమనించే నమూనా ప్రయోగాలు. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి.

* జియోజీబ్రా: ఆస్ట్రియాకు చెందిన మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో రూపకల్పన ప్రారంభించిన గణిత సాఫ్ట్‌వేర్. త్రిభుజం శీర్షాన్ని తెరపై లాగుతుంటే కోణాలు మారుతుంటాయి, మొత్తం మాత్రం 180 డిగ్రీలే. అర్ధవృత్తంలోని కోణం 90 డిగ్రీలని పిల్లలు స్వయంగా కనుగొనవచ్చు.

* స్టెల్లేరియం: ఆకాశ పటాన్ని చూపే ఉచిత సాఫ్ట్‌వేర్. మన ఊరిని ఎంచుకుంటే ఆ రాత్రి పైన కనిపించే నక్షత్రాలు, గ్రహాలు తెరపై ప్రత్యక్షమవుతాయి. పగలు బడిలో చూసిన దాన్ని రాత్రి ఇంటి ముంగిట సరిచూసుకోమని చెప్పవచ్చు.

* అరవింద్ గుప్తా బొమ్మలు: ఐఐటీ కాన్పూరులో చదివి, అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబులు, ఖాళీ డబ్బాలతో విజ్ఞాన బొమ్మలు చేయడం నేర్పిన అరవింద్ గుప్తాకు 2018లో పద్మశ్రీ లభించింది. ఆయన వెబ్‌సైట్‌లో వందలాది బొమ్మల తయారీ విధానాలు, పుస్తకాలు ఉన్నాయి. ఇక్కడ తెర కేవలం దారి చూపుతుంది. పని పిల్లల చేతుల్లోనే జరుగుతుంది.

భాష, సాంఘిక శాస్త్రాలకు..

ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన ‘స్టోరీవీవర్’లో బొమ్మల కథలు తెలుగులోనూ ఉన్నాయి. చదివే సామర్థ్యాన్ని బట్టి వాటిని నాలుగు స్థాయులుగా విభజించారు. ఐదో తరగతిలో ఉండి రెండో తరగతి వాచకం చదవలేని పిల్లలకు మొదటి స్థాయి కథతో ఆరంభించి క్రమంగా పైకి తీసుకెళ్లవచ్చు. ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ముద్రించి పంచవచ్చు.

హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం నిర్వహించే ఇస్రో ‘భువన్’ 2009లో అందుబాటులోకి వచ్చింది. ఉపగ్రహ చిత్రంలో సొంత ఊరి చెరువు, కాలువ, పొలాలను చూసిన విద్యార్థికి పటం చదవడం పరాయి విషయం అనిపించదు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో గ్రామాలు, చారిత్రక ప్రదేశాల వ్యాసాలు ఎన్నో ఉన్నాయి. వాటిని తొలి సమాచారంగా వాడుకుని, ముఖ్యమైన తేదీలను మరోచోట సరిచూసుకోవాలి.

ఒక పీరియడ్.. ఒక ఉదాహరణ

మొదట చెప్పిన విద్యుత్ పాఠాన్నే తీసుకుందాం. ఫెట్‌లో డీసీ వలయాల నమూనా ప్రయోగాన్ని తెరవాలి. 9 వోల్టుల బ్యాటరీ, 10 ఓముల నిరోధం, అమ్మీటరు కలిపితే ప్రవాహం 0.9 ఆంపియర్లు చూపుతుంది. ఇక్కడ ఆగి, నిరోధాన్ని 20 ఓములు చేస్తే ఏమవుతుందో ముందుగా నోటుపుస్తకంలో రాయమనాలి. అందరూ రాశాకే విలువ మార్చాలి. అమ్మీటరు 0.45కు దిగుతుంది. ‘రెట్టింపవుతుంది’ అని రాసిన విద్యార్థిని తప్పుపట్టకుండా, అలా ఎందుకు అనుకున్నాడో అడగాలి. అసలు పాఠం ఆ జవాబు దగ్గరే మొదలవుతుంది.

తర్వాత వోల్టేజీని 18కి పెంచి చూడాలి. చివరగా నిరోధం తీసేసి తీగతో నేరుగా కలిపితే తెరపై బ్యాటరీకి మంటలు లేస్తాయి. ఇంట్లో తీగలతో ఆటలెందుకు కూడదో వేరే చెప్పనక్కరలేదు. తెరపై ఎలక్ట్రాన్లు చురుగ్గా పరుగెడుతున్నట్లు కనిపించేది అవగాహన కోసమేనని, రాగి తీగలో అవి సాధారణంగా సెకనుకు మిల్లీమీటరు కన్నా తక్కువే ముందుకు జరుగుతాయని గుర్తుచేయాలి. దీనికి పదిహేను నిమిషాలు చాలు. మిగిలిన సమయంలో రెండు టార్చి సెల్లులు, ఒక బల్బు, రెండు తీగలు ఇచ్చి పిల్లలచేత నిజంగా వెలిగింపజేయాలి. తెర ప్రయోగానికి సన్నాహమే తప్ప దానికి బదులు కాదు.

నెట్ లేకున్నా..

కరెంటు, సిగ్నల్ రెండూ నమ్మకం లేని చోట తరగతిలో నేరుగా నెట్ మీద ఆధారపడటం భంగపాటుకు దారితీస్తుంది. సిగ్నల్ దొరికే చోట ముందురోజే సిద్ధం చేసుకోవాలి. ఫెట్ ప్రయోగాలను డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండా పనిచేస్తాయి. జియోజీబ్రా, స్టెల్లేరియం ఒకసారి కంప్యూటర్లో స్థాపిస్తే చాలు. ‘కివిక్స్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియాను మొత్తంగా దించుకుని ల్యాప్‌టాప్‌లోనో ఫోనులోనో చదువుకోవచ్చు. ఒక్క పెన్‌డ్రైవ్‌లో తరగతుల వారీగా, పాఠాల వారీగా ఫోల్డర్లు పెట్టుకుంటే ఏటా పనికొస్తుంది. కరెంటు పోతే ఏం చేయాలన్నదీ ముందే అనుకుని ఉండాలి. పాత ఫ్లాష్ ఫైళ్లపై ఆశ పెట్టుకోవద్దు. ఆ సాఫ్ట్‌వేర్‌కు 2020 డిసెంబరు 31తో మద్దతు నిలిచిపోయింది.

నమ్మే ముందు సరిచూడాలి

* తయారుచేసింది ఎవరు, ఎప్పుడు? గ్రహాలు తొమ్మిదని చెప్పే పేజీలు నేటికీ ఉన్నాయి. అంతర్జాతీయ ఖగోళ సంఘం 2006 ఆగస్టులోనే ప్లూటోను ఆ జాబితా నుంచి తప్పించింది.

* పటం తాజాదేనా? 2014 జూన్ 2కు ముందరి ఉమ్మడి రాష్ట్ర పటాలు, 2022 ఏప్రిల్‌కు ముందరి 13 జిల్లాల ఆంధ్రప్రదేశ్ పటాలు ఇంకా చెలామణిలో ఉన్నాయి. దేశ సరిహద్దులకు భారత సర్వేక్షణ శాఖ పటాన్నే ప్రమాణంగా తీసుకోవాలి.

* పారిభాషిక పదాలు పాఠ్యపుస్తకంతో కలుస్తున్నాయా? ఒకచోట ‘త్వరణం’, మరోచోట ‘యాక్సిలరేషన్’ వింటే రెండూ వేరనుకునే పిల్లలుంటారు. రెంటినీ బల్లపై పక్కపక్కన రాయాలి.

* మధ్యలో ప్రకటనలు వస్తున్నాయా? పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు అడిగే సైట్లను దూరంగా ఉంచాలి.

కృత్రిమ మేధ సాధనాలు ప్రశ్నపత్రాలు, పాఠ్య పథకాలు క్షణాల్లో రాసిస్తున్నాయి. అవి తప్పును సైతం ధీమాగా చెబుతాయి. ప్రతి జవాబునూ పాఠ్యపుస్తకంతో పోల్చుకున్నాకే తరగతిలోకి తీసుకెళ్లాలి.

హక్కుల సంగతి

కాపీరైట్ చట్టం-1957లోని 52వ సెక్షన్ బోధన సందర్భంలో ఉపాధ్యాయులు, విద్యార్థులు చేసుకునే ప్రతులకు మినహాయింపు ఇస్తోంది. తరగతి కోసం ఇచ్చిన వెసులుబాటును ఇతరుల వీడియోను సొంత ఛానల్‌లో పెట్టుకోవడానికి వాడుకోరాదు. ‘క్రియేటివ్ కామన్స్’ గుర్తున్న సామగ్రిని ఆ గుర్తు పెట్టిన షరతులకు లోబడి, కర్త పేరు పేర్కొని పంచుకోవచ్చు. వికీమీడియా కామన్స్‌లోని చిత్రాలకు ఈ సౌలభ్యం ఉంది.

ఒకరి శ్రమ.. పది బడులకు

ఒక మంచి సామగ్రి ఎంపికకు ఉపాధ్యాయుడికి ఒక సాయంత్రం పట్టవచ్చు. పది బడుల్లో పది మంది ఆ సాయంత్రాన్ని విడివిడిగా ఖర్చు చేయనక్కరలేదు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో సబ్జెక్టుల వారీగా పాఠాలు పంచుకుని, ఒక్కొక్కరు రెండు పాఠాలకు సామగ్రి ఏర్చి పెన్‌డ్రైవ్‌లో మార్చుకుంటే ఏడాది తిరిగేసరికి మండలానికి సరిపడా భాండాగారం సిద్ధమవుతుంది. ఏది పిల్లలకు అర్థమైందో, ఏది కాలేదో పక్కన ఒక వాక్యం రాసిపెడితే తర్వాత వచ్చే ఉపాధ్యాయుడికీ ఉపకరిస్తుంది.

ప్రయోగశాల, కొత్త పరికరాల కోసం అడగడం మానవద్దు. అవి వచ్చేదాకా ఈ ఏడు పదో తరగతి చదివే పిల్లలు ఆగరు. బడిలో ఉన్న ఒక్క ల్యాప్‌టాప్‌తోనైనా రేపటి పాఠానికి సిద్ధం కావచ్చు.